పనికి వెల ఉంది, మనిషికి లేదు

మొన్న జుమా నమాజు తర్వాత ఒక యువకుడు వచ్చి నా పక్కన కూర్చున్నాడు. హైదరాబాదులో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో పని చేస్తున్నాడు. సలాం చేసి కాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆ తర్వాత, "మౌలానా! మా ఆఫీసులో ఏడాదికోసారి ఒక్కొక్కరికి మార్కులు వేస్తారు. ఈసారి నా పేరు కింది వరుసలో పడింది. జీతం పెరగలేదన్న బాధ ఒకటి. అంతకంటే పెద్ద బాధ, నా విలువ ఇంతేనా అని. మనిషిని ఇలా అంకెల్లో కొలవడం మన ధర్మంలో సమ్మతమేనా?" అని అడిగాడు.

అప్పటికి తోచిన నాలుగు మాటలు చెప్పి పంపాను. కాని ఆ ప్రశ్న నన్ను వదలలేదు. ఎందుకంటే అదే వారం నేను కూడా ఒక మనిషికి వెల కట్టే సభలో కూర్చుని వచ్చాను. ఆ సంగతి తర్వాత చెబుతాను. ముందు ఈ ప్రశ్నను సరిగ్గా అర్థం చేసుకుందాం.

లెక్కల పుస్తకంలో మనిషి

ప్రతి కంపెనీ ఏటా తన ఆస్తి అప్పుల పట్టీ తయారు చేస్తుంది. భూమి, భవనాలు, యంత్రాలు, సరుకు, బ్యాంకులో ఉన్న డబ్బు అన్నీ అందులో ఉంటాయి. ఆ యంత్రాలను నడిపే మనుషులు మాత్రం ఆస్తుల వరుసలో ఉండరు. వారి జీతాలు ఖర్చుల వరుసలో ఉంటాయి. యంత్రం కొంటే ఆస్తి పెరిగినట్లు, మనిషికి పని నేర్పితే ఖర్చు పెరిగినట్లు లెక్క.

ఇది సరికాదని కొందరు ఆర్థికవేత్తలు వాదించారు. మనిషి చదువు, నైపుణ్యం, ఆరోగ్యం కూడా పెట్టుబడి వంటివేనని, వాటి నుండి కూడా రాబడి వస్తుందని అమెరికాకు చెందిన థియొడార్ షుల్జ్, గ్యారీ బెకర్ చెప్పారు. దీనికే మానవ మూలధనం అని పేరు. బెకర్ 1964లో ఈ పేరుతోనే గ్రంథం రాశారు. షుల్జ్‌కు 1979లో, బెకర్‌కు 1992లో ఆర్థిక శాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది.

అయితే దీన్ని లెక్కకట్టడం ఎలా? 1971లో బరూచ్ లెవ్, అబా ష్వార్ట్జ్ అనే ఇద్దరు ఒక పద్ధతి ప్రతిపాదించారు. ఒక ఉద్యోగి నేటి నుండి పదవీ విరమణ వరకు సంపాదించబోయే జీతమంతా కూడి, రేపటి రూపాయి నేటి రూపాయి కంటే తక్కువ గనుక ఆ మేరకు తగ్గించి, మిగిలినదాన్ని అతని విలువగా చూపాలన్నారు. మన దేశంలో ప్రభుత్వ రంగ సంస్థ బి.హెచ్.ఇ.ఎల్. 1970లలోనే తన సిబ్బంది విలువను లెక్కకట్టి ప్రకటించింది. ఆ సంస్థ కర్మాగారం ఒకటి హైదరాబాదు పక్కనే రామచంద్రాపురంలో ఉంది. తర్వాత 1990ల మధ్య నుండి ఇన్ఫోసిస్ కూడా కొన్నేళ్ళ పాటు తన వార్షిక నివేదికలలో ఇటువంటి లెక్క ఇచ్చింది.

ఈ ప్రయత్నం వెనుక ఒక మంచి ఉద్దేశ్యం ఉంది. మనుషులు ఖర్చు కాదు, సంపద అని యజమానులకు గుర్తు చేయడమే ఆ ఉద్దేశ్యం. దాన్ని మనం కాదనం. కాని ఆ లెక్క ఎటు తీసుకువెళ్తుందో ఒక ఉదాహరణతో చూడండి. ఒక పాఠశాలలో 30 ఏళ్ళ టీచరు ఉన్నాడు, జీతం నెలకు 20 వేలు. 57 ఏళ్ళ టీచరు ఉన్నాడు, జీతం 30 వేలు. విరమణ 58 ఏళ్ళకు అనుకుందాం. జీతం పెరుగుదల, తగ్గింపులు పక్కనబెట్టి చూస్తే మొదటివాడికి ఇంకా 28 ఏళ్ళు ఉన్నాయి గనుక అతని విలువ 67 లక్షల 20 వేలు. రెండవ వ్యక్తికి ఒక్క ఏడాదే మిగిలింది గనుక 3 లక్షల 60 వేలు. ఊళ్ళో సగం మందికి అక్షరాలు నేర్పిన గురువు విలువ, నిన్న మొన్న చేరిన కుర్రవాడి విలువలో పద్దెనిమిదో వంతు కంటే కాస్త కిందికి పడిపోయింది! విరమణ రోజున అది సున్నా అవుతుంది.

ఇందులో మరో చిక్కు కూడా ఉంది. ఈ లెక్కకు ఆధారం జీతమే. అంటే ఎవరికి అన్యాయంగా తక్కువ జీతం ఇస్తున్నామో, అతని విలువే తక్కువని కాగితం మీద తేలుతుంది. మనం చేసిన అన్యాయమే చివరికి సాక్ష్యంగా నిలబడుతుంది. ఇక జీతం లేకుండా ఇల్లంతా మోసే మన తల్లులు, భార్యల మాటేమిటి? ఈ లెక్కలో వారికి చోటే లేదు.

మనిషి ఆస్తి అయిన కాలం

మనుషులను పేర్లతో సహా ఆస్తుల వరుసలో రాసిన పుస్తకాలు ఒకప్పుడు ఉండేవి. అమెరికా దక్షిణ రాష్ట్రాల ప్రత్తి తోటల్లో 19వ శతాబ్దంలో బానిసల చేత పని చేయించేవారు. 1840లలో థామస్ ఆఫ్లెక్ అనే వ్యక్తి ఆ తోటల యజమానుల కోసం అచ్చు లెక్కల పుస్తకాలు రూపొందించాడు. ఒక్కొక్క బానిస రోజుకు ఎంత ప్రత్తి ఏరాడో రాయడానికి అందులో పేజీలు ఉండేవి. ఏడాది మొదట అతని వెల ఎంత, ఏడాది చివర ఎంత అని రాయడానికి వేరే పేజీలు ఉండేవి. పెరుగుతున్న పిల్లవాడి వెల పెరిగేది, వృద్ధుడి వెల తరిగేది. చరిత్రకారిణి కెయిట్లిన్ రోజెంతాల్ 2018లో ప్రచురించిన గ్రంథంలో ఈ లెక్కల తీరును వివరంగా చూపించారు. ఆ లెక్కలలో కూడికలు, తీసివేతలు సరిగ్గానే ఉండేవి. పాపం అంకెల్లో లేదు, అంకె వేసిన చోట ఉంది.

ఇక్కడ మన చరిత్రను దాచిపెట్టడం న్యాయం కాదు. ముస్లిం రాజ్యాలలో కూడా బానిసత్వం ఉండేది. ఫిఖ్హ్ గ్రంథాలలో దాని నియమాలూ ఉన్నాయి. అయితే దివ్యఖుర్ఆన్ బానిస విముక్తిని గొప్ప పుణ్యకార్యంగా, అనేక తప్పిదాలకు పరిహారంగా నిర్ణయించింది. జకాత్ సొమ్ములో దానికి ఒక భాగం కేటాయించింది. దారి ఎటువైపు చూపిందో స్పష్టమే. ఆ దారిన త్వరగా నడవకపోవడం మనుషుల లోపం.

స్వతంత్రుడైన మనిషి విషయంలో మాత్రం ధర్మవేత్తలలో రెండో మాట లేదు. అతను 'మాల్' కాడు, అంటే సొత్తు కాడు. అతని అమ్మకం చెల్లనే చెల్లదు. విశేషమేమిటంటే నేటి లెక్కల శాస్త్రం కూడా మరో దారిలో ఇక్కడికే వచ్చింది. సిబ్బంది మీద సంస్థకు తగినంత అదుపు ఉండదు గనుక వారి నైపుణ్యాన్ని సాధారణంగా ఆస్తిగా చూపకూడదని నేటి లెక్కల ప్రమాణాలు చెబుతున్నాయి. మనిషి లేచి వెళ్ళిపోగలడు. ఆ వెళ్ళిపోగల స్వేచ్ఛే అతను సొత్తు కాదనడానికి నిదర్శనం.

ఒకే హదీసులో రెండు నేరాలు

సహీహ్ బుఖారీలో హజ్రత్ అబూహురైరా (రజి) ఉల్లేఖించిన ఒక హదీసె ఖుద్సీ ఉంది. ప్రళయదినాన ముగ్గురికి తానే స్వయంగా ప్రత్యర్థిగా నిలబడతానని అల్లాహ్ సెలవిచ్చాడు. అల్లాహ్ పేరుతో మాట ఇచ్చి ద్రోహం చేసినవాడు ఒకడు. స్వతంత్రుణ్ణి అమ్మి ఆ సొమ్ము తిన్నవాడు రెండవవాడు. కూలీని పెట్టుకుని పని పూర్తిగా చేయించుకుని, కూలీ ఇవ్వనివాడు మూడవవాడు.

రెండవ, మూడవ నేరాలు పక్కపక్కనే ఎందుకు వచ్చాయో ఆలోచించండి. మనిషిని అమ్మడం వేరు, కూలీ ఎగ్గొట్టడం వేరు అని మనకు అనిపిస్తుంది. నిజానికి రెండింటి మూలం ఒకటే. కూలీ ఇవ్వకుండా పని చేయించుకున్నవాడు ఆ మనిషిని ఆ కాసేపు తన సొత్తుగా భావించాడు. సొత్తుకు ఎవరూ జీతం ఇవ్వరు కదా!

మదరసాలలో మేము చదువుకునే 'హిదాయా' గ్రంథంలోని ఇజారా అధ్యాయం ఈ తేడాను చక్కగా విడదీస్తుంది. కూలి ఒప్పందంలో అమ్ముడయ్యేది మనిషి కాదు, అతని వల్ల కలిగే ప్రయోజనం మాత్రమే. నెలకు ఇంత అని కుదుర్చుకున్న నౌకరు ఆ వేళకు వచ్చి తనను తాను అప్పగిస్తే చాలు, మీరు పని చెప్పలేకపోయినా అతనికి జీతం ముట్టాల్సిందే. ఎందుకంటే మీరు తీసుకున్నది అతని కాలం. కాలానికి, పనికి వెల ఉంది. మనిషికి లేదు.

కనుక పనిని కొలవడం తప్పు కాదు. కొలవకపోవడమే తప్పు. ముతఫ్ఫిఫీన్ సూరా తొలి ఆయతులలో, తమకు రావలసినప్పుడు నిండుగా కొలిపించుకుని, ఇతరులకు ఇవ్వవలసినప్పుడు తగ్గించేవారికి వినాశం ఉందన్న హెచ్చరిక ఉంది. ఇది ధాన్యానికే పరిమితం కాదు. అస్ర్ నమాజుకు అందుకోలేకపోయిన వ్యక్తితో హజ్రత్ ఉమర్ (రజి) ఈ పదమే వాడినట్లు ఇమామ్ మాలిక్ తన 'మువత్తా'లో పేర్కొన్నారు. ప్రతి విషయంలోనూ నిండు కొలత, తరుగు కొలత ఉంటాయని ఆయన అన్నారు. ఉద్యోగి ఎనిమిది గంటల జీతం తీసుకుని ఆరు గంటలే పని చేస్తే అది తరుగు కొలత. యజమాని పది గంటల పని చేయించుకుని ఎనిమిది గంటల జీతమిస్తే అదీ తరుగు కొలతే.

అబూబక్ర్ (రజి), ఉమర్ (రజి)ల అభిప్రాయ భేదం

అందరికీ సమానంగా ఇవ్వాలా, పనిని బట్టి, సేవను బట్టి హెచ్చుతగ్గులు ఉండాలా? ఈ ప్రశ్న సహాబాల కాలంలోనే వచ్చింది. ఇమామ్ అబూ యూసుఫ్ 'కితాబుల్ ఖరాజ్'లో ఆ వృత్తాంతం ఉంది.

హజ్రత్ అబూబక్ర్ (రజి) బైతుల్‌మాల్ సొమ్మును ప్రజలకు సమానంగా పంచారు. ముందుగా ఇస్లాం స్వీకరించినవారికి, ఎక్కువ త్యాగాలు చేసినవారికి ఎక్కువ ఇవ్వమని కొందరు కోరారు. వారి త్యాగాలకు ప్రతిఫలం అల్లాహ్ వద్ద ఉందని, ఇది జీవనోపాధి గనుక ఇందులో సమానత్వమే మేలని ఆయన జవాబిచ్చారు. హజ్రత్ ఉమర్ (రజి) తన కాలంలో దీవాన్ ఏర్పాటు చేసి శ్రేణులు నిర్ణయించారు. దైవప్రవక్త (స)కు వ్యతిరేకంగా పోరాడినవారిని, ఆయనతో కలిసి పోరాడినవారిని సమానం చేయలేనన్నారు. తొలి ముహాజిర్లకు 4,000 దిర్హములు నిర్ణయించి, స్వంత కుమారుడు అబ్దుల్లాహ్ (రజి)కు మాత్రం 3,500 నిర్ణయించారు. అతనూ ముహాజిరే కదా అని అడిగితే, అతణ్ణి తల్లిదండ్రులు వెంట తీసుకువచ్చారు, స్వయంగా వలస వచ్చినవారితో సమానం కాడు అన్నారు. ఇది బుఖారీలో ఉంది. కొలవవలసివస్తే ముందుగా తన ఇంటివాళ్ళను కఠినంగా కొలిచిన పాలకుడు ఆయన. అయినా, మరో ఏడాది బతికి ఉంటే కిందివారిని పైవారితో సమానం చేస్తానని చివరి రోజుల్లో అన్నట్లు ఉల్లేఖనాలు ఉన్నాయి.

ఇద్దరివీ సదుద్దేశాలే. ఇద్దరూ ఒక విషయంలో ఏకీభవించారు. హెచ్చుతగ్గులు ఉన్నా లేకున్నా, బతుకుతెరువుకు లోటు రాకూడదు. అబూదావూద్‌లోని ఒక హదీసులో, తమ తరఫున బాధ్యత నిర్వర్తించే వ్యక్తికి భార్య లేకపోతే వివాహం చేసుకోవడానికి, ఇల్లు లేకపోతే ఇంటికి, నౌకరు లేకపోతే నౌకరుకు ఏర్పాటు చేసుకోవచ్చని దైవప్రవక్త (స) అనుమతించారు. అంటే జీతానికి పునాది మనిషి అవసరం. దాని మీద పనిని బట్టి ఎంత కట్టినా కట్టవచ్చు. పునాదినే తవ్వకూడదు.

మన ఇంటి లెక్క

ఇప్పుడు మొదట వాయిదా వేసిన సంగతికి వస్తాను. ఆ వారం ఒక మస్జిద్ కమిటీ సమావేశానికి నన్ను పిలిచారు. అక్కడి మౌజన్ సాహెబ్ చాలా ఏళ్ళుగా ఐదు పూటలా అజాన్ ఇస్తున్నారు. ఊడ్చేదీ, హౌజు కడిగేదీ, రాత్రి తాళం వేసేదీ ఆయనే. జీతం కాస్త పెంచమని అర్జీ పెట్టుకున్నారు. అదే సమావేశంలో కొత్త దీపాలకు, లోపలి గోడల పాలరాతికి అంచనాలు ఆమోదించారు. మౌజన్ సాహెబ్ అర్జీ వచ్చేసరికి ఒక పెద్దమనిషి, "ఆయన చేసేది దీన్ ఖిద్మత్. ఆయన ప్రతిఫలం అల్లాహ్ దగ్గర ఉంది" అన్నారు. అందరూ తలలూపారు. నేనూ ఊపాను.

ఇంటికి వచ్చాక ఆ మాట ఎక్కడ విన్నానా అని ఆలోచిస్తే, అది హజ్రత్ అబూబక్ర్ (రజి) మాటే. కాని మేము దాన్ని తలక్రిందులు చేశాం. ప్రతిఫలం అల్లాహ్ దగ్గర ఉంది గనుక ఇక్కడ అందరికీ సమానంగా తిండి పెడదాం అని ఆయన అన్నారు. ప్రతిఫలం అల్లాహ్ దగ్గర ఉంది గనుక ఇక్కడ ఇతని తిండి తగ్గిద్దాం అని మేమన్నాం. కంపెనీలు మనుషులకు వెల కడుతున్నాయని ఆ యువకుడి ముందు విచారం వెలిబుచ్చిన నేను, ఒక మనిషికి వెలే లేనట్లు ప్రవర్తించి వచ్చాను. మనిషిని వెలకట్టడం ఎంత అన్యాయమో, అతని పనిని వెలలేనిదని పొగిడి ఉత్త చేతులతో పంపడమూ అంతే అన్యాయం.

దీన్ పనికి జీతం ఏమిటి అనే సందేహం కొందరికి నిజాయితీగానే ఉంది. హనఫీ ధర్మవేత్తలలో పూర్వులు అజాన్, ఇమామత్, ఖుర్ఆన్ బోధనలకు జీతం తీసుకోవడం సమ్మతం కాదన్నారు. కాని తర్వాతి కాలపు ఉలమా అనుమతించారు. పూర్వం బైతుల్‌మాల్ నుండి వారికి భృతి అందేది. అది ఆగిపోయాక జీతం లేకపోతే ఈ పనులు చేసేవారే ఉండరని, దీన్‌కే నష్టమని వారు గ్రహించారు. ఆ జీతం అజాన్‌లోని పవిత్ర పదాలకు వెల కాదు, చిత్తశుద్ధికి వెల కాదు. మరో పనికి పోకుండా మన కోసం కట్టుబడి ఉన్న సమయానికి బదులు. ఖలీఫా అయిన తర్వాత హజ్రత్ అబూబక్ర్ (రజి) కూడా బైతుల్‌మాల్ నుండి భృతి తీసుకున్నారు. తన వ్యాపారం తన కుటుంబానికి చాలేదని, ఇప్పుడు ముస్లిముల పనిలో నిమగ్నమయ్యాను గనుక తన కుటుంబం ఈ సొమ్ము నుండి తింటుందని ఆయనే చెప్పినట్లు బుఖారీలో ఉంది. ఆయన చిత్తశుద్ధిని శంకించగలవారెవరు? మన సుప్రీంకోర్టు కూడా 1993లో, వక్ఫ్ మస్జిదుల ఇమాములకు వేతనం పొందే హక్కు ఉందని తీర్పు ఇచ్చింది. మనవాళ్ళకు మనం ఇవ్వవలసినది కోర్టు చెబితే గాని తెలియకపోవడం సిగ్గుపడవలసిన విషయం.

'మా మస్జిదుకు ఆదాయం లేదు' అనే కమిటీలు కూడా ఉన్నాయి. అది నిజమైతే అల్లాహ్ ఎవరిపైనా శక్తికి మించిన భారం వేయడు. కాని ఆ మాట పాలరాతి గోడకు ఆనుకుని చెప్పకూడదు. ఇవ్వగలిగినది ముందే ఒప్పుకుని, కాగితం మీద రాసి, నిర్ణయించిన తేదీకి ఇవ్వాలి. రాని రోజుకు కోత ఎలా ఉందో, అదనంగా చేసిన పనికి లెక్క కూడా అలాగే ఉండాలి. ఇవ్వలేకపోతే పని తగ్గించాలి. ఇది మస్జిదుకే కాదు. మన దుకాణాలలో పనిచేసే కుర్రవాళ్ళు, ఇంట్లో అంట్లు తోమే ఆమె, మన మదరసాలలో, పాఠశాలలలో పాఠం చెప్పే టీచర్లు అందరికీ ఇదే నియమం.

చీపురు పట్టిన చెయ్యి

మస్జిదె నబవిని ఊడ్చే నల్లజాతి స్త్రీ ఒకరు ఉండేవారు. కొన్ని ఉల్లేఖనాలలో యువకుడని కూడా ఉంది. ఒకనాడు ఆమె కనిపించకపోతే దైవప్రవక్త (స) ఆరా తీశారు. చనిపోయిందని చెప్పారు. నాకెందుకు తెలియజేయలేదని ఆయన అడిగారు. వారు ఆమె విషయాన్ని చిన్నదిగా భావించారు. ఆయన ఆమె సమాధి ఎక్కడో అడిగి తెలుసుకుని, అక్కడికి వెళ్ళి జనాజా నమాజు చేశారు. బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఈ సంఘటన ఉంది. ఆ సమాజమంతా పట్టించుకోని మనిషి లేని లోటును గమనించినవారు దైవప్రవక్త (స). ఆ లోటు ఏ లెక్కల పట్టీలోనూ కనిపించేది కాదు.

జాహిర్ (రజి) అనే పల్లెవాసి సహాబీ ఉండేవారు. అందగాడు కాదు. ఒకనాడు బజారులో సరుకు అమ్ముకుంటుండగా దైవప్రవక్త (స) వెనుక నుండి వచ్చి పట్టుకుని, ఈ దాసుణ్ణి కొనేవారెవరు అని సరదాగా అన్నారు. నన్ను అమ్మితే మీకు గిట్టుబాటు కాదన్నారు జాహిర్ (రజి). అయితే అల్లాహ్ వద్ద మాత్రం నీవు చవక కాదని దైవప్రవక్త (స) ఆయనకు తెలియజేశారు. షమాయిలె తిర్మిజీలో ఈ హదీసు ఉంది.

ఆ యువకుడు మళ్ళీ వస్తే ఇప్పుడు ఇలా చెబుతాను: బాబూ, ఆఫీసువారు వేసిన మార్కులు నీ పనికి. వాటిలో నిజం ఎంత ఉందో చూసుకో. తరుగు నీ వైపు ఉంటే సరిచేసుకో, అది నీ మీద ఉన్న అమానత్. తరుగు వారి వైపు ఉంటే మర్యాదగా అడుగు, అది నీ హక్కు. కాని ఆ కాగితాన్ని ఇంటికి తీసుకువెళ్ళి నీ గుండెకు అంటించుకోకు. నిన్ను తూచే త్రాసు వారి దగ్గర లేదు.

ఇక నా సంగతి. వచ్చే సమావేశంలో మౌజన్ సాహెబ్ అర్జీని మళ్ళీ చర్చకు పెట్టమని కమిటీవారికి కబురు పంపాను. ఒప్పుకుంటారో లేదో అల్లాహ్‌కే తెలుసు. ఈసారి మాత్రం నేను తల ఊపను.

ఇతరుల పనిని నిండుగా కొలిచే చెయ్యిని, ఏ మనిషినీ చిన్నచూపు చూడని మనసును అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.